నిన్న ఎంత దూరం, రేపు ఎంత దూరం: మన్యంలో కాలం లెక్క

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలం మీద మాట్లాడతామని మేము చెప్పగానే కొందరు మిత్రులు నవ్వారు. పీఆర్సీ ఉంది, నోటిఫికేషన్లు ఉన్నాయి, అవన్నీ వదిలి ఈ వేదాంతం ఎందుకన్నారు. ఇది వేదాంతం కాదు. మేము మాట్లాడబోయేది భూమి పట్టా గురించి. అరకు లోయలో, ఆ చుట్టుపక్కల తూర్పు కనుమల గూడేల్లో నిన్న ఎంత దూరంలో ఉంది, రేపు ఎంత దూరంలో ఉంది అని అడిగితే జవాబు పంచాంగంలో దొరకదు. ఐటీడీఏ ఆఫీసులో, ఫారెస్టు రేంజి ఆఫీసులో, తహసీల్దారు బీరువాలో దొరుకుతుంది. ఎవరి గతాన్ని దూరం జరపాలి, ఎవరి భవిష్యత్తును దగ్గర చేసి చూపాలి అన్నది పక్కా రాజకీయం. ఆ సంగతి చెప్పడానికే వచ్చాం.

మొదట మన మాటలనే చూద్దాం. నిన్న, మొన్న, అటుమొన్న. ఇటువైపు రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి. అంతటితో అయిపోయింది. అవి దాటితే తెలుగులో రోజుకు పేరు లేదు, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవాల్సిందే. అందులోనూ 'మొన్న' అన్న మాట మరీ విచిత్రం. రెండు రోజుల కిందటిదీ మొన్ననే, ఊళ్ళో ముసలాయన యాది చేసుకునే రజాకార్ల కాలమూ మొన్ననే. ఇక 'ముందు' సంగతి చూడండి. రెండేళ్ళ ముందు అంటే గడిచిన కాలం. ముందుముందు అంటే రాబోయే కాలం. ముందటేడు అంటే నిరుటికి అవతలి యేడు. ఒకే మాట రెండు దిక్కులకూ చూస్తుంది.

దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద అయిమారా అనే ఆదివాసీ జనం ఉన్నారు. వాళ్ళ భాషలో గతాన్ని చెప్పే మాటకు కన్ను, ఎదురు అని అర్థం. భవిష్యత్తును చెప్పే మాటకు వీపు వెనుక అని అర్థం. రఫేల్ నూన్యెజ్, ఈవ్ స్వీట్సర్ అనే పరిశోధకులు 2006లో దీని మీద రాస్తే చదివినవాళ్ళు అబ్బురపడ్డారు. చూసినది కళ్ళ ఎదుట ఉంటుంది, చూడనిది వెనుక ఉంటుంది. ఇందులో అబ్బురపడాల్సింది ఏముందో మాకైతే అర్థం కాలేదు. మన నాయనమ్మలు ముందటేడు అన్నప్పుడు చెప్పింది కూడా అదే గదా.

ఏళ్ళ లెక్కలోనూ మనది అదే తంతు. ప్రభవ మొదలు అక్షయ దాకా 60 పేర్లు. అవి అయిపోతే మళ్ళీ ప్రభవ. 1876–77 కరువును రాయలసీమ జనం ధాత కరువు అన్నారు, ఎందుకంటే ఆ యేడు పేరు ధాత. 1832–33 గుంటూరు కరువు నందన కరువు. 2012–13 కూడా నందన నామ సంవత్సరమే. పేరు మాత్రం విన్న మనవడికి అది ఏ నందనో తెలియదు. అరవై ఏళ్ళంటే ఒక మనిషి బతుకు. దానికి అవతల ఉన్నదంతా ఎనుకటి కాలం. నిన్న మొన్నటి దాకా మనమంతా ఇట్లాగే లెక్కపెట్టుకున్నాం. ఇది ఆదివాసీ వెనుకబాటుతనం అనుకునే బాబులు ముందు తమ జాతకం తీసి చూసుకోవాలి.

మన్యంలో గుర్తులు వేరు. అరకులో డెబ్బై ఏళ్ళ మనిషిని వయసు అడగండి. ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉంటుంది. దేశంలో పుట్టిన తేదీ కాగితం లేని కోట్ల మందిని ఆధార్ ఒకే రోజున పుట్టించింది. ఆ మనిషి మాత్రం రైలు లైను వేసేటప్పుడు పశువులు కాసేటంత ఉన్నానని చెప్తాడు. అది కొత్తవలస–కిరండూల్ లైను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు తరలించడానికి 1960 దశకంలో కొండల్ని తొలిచి వేశారు. యాభైకి పైగా సొరంగాలు. అరకు దగ్గరి సిమిలిగుడ స్టేషన్ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. 2017 నుంచి దాని మీద అద్దాల బోగీ పెట్టి టూరిస్టులకు లోయ చూపిస్తున్నారు. టూరిస్టుకు అది అందం. గూడెంలో అది గడియారం. రైలుకు ముందు, రైలు తర్వాత.

అంతకంటే పాత గడియారం పోడు. ఏ వాలు ఏ యేడు కొట్టారు, ఏది విడిచారు, విడిచిన దాని మీద చెట్లు తిరిగి ఎంత లావైనాయి, ఇదే ఏళ్ళ లెక్క. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే యేడు మొదలైనట్టు. కొత్త పండుగ చెయ్యకుండా కొత్త పంట నోట్లో పెట్టరు. సామలు కోసిన నెల, వలిసెలు పూసిన నెల అంటే అందరికీ తెలుస్తుంది. అంకె లేనంత మాత్రాన లెక్క లేనట్టు కాదు. విడిచిన పోడు మీద పెరిగిన చెట్టు అడంగల్ కంటే నమ్మకమైన రికార్డు. చెట్టు లంచం తీసుకుని పేరు మార్చదు.

ఇప్పుడు సర్కారు లెక్క చూద్దాం. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆ బిల్లును లోక్‌సభలో పెట్టింది 2005 డిసెంబర్ 13న. అదే తేదీని గీతగా గీశారు. ఎస్టీ అయితే ఆ తేదీకి ముందు నుంచి ఆ భూమి మీద ఉండాలి. ఎస్టీ కాకుండా అడవిని నమ్ముకుని బతికేవాడైతే ఆ తేదీకి మూడు తరాల ముందు నుంచి ఉండాలి. తరం అంటే ఎంత? చట్టమే రాసిపెట్టింది, 25 ఏళ్ళు. మూడు ఇరవైఅయిదులు డెబ్బైఅయిదు. అంటే 1930 డిసెంబర్ 13.

మిత్రులారా, ఆ తేదీని ఒకసారి తలచుకోండి. ఆనాడు ఈ కొండల మీద పాలన మద్రాసు ప్రెసిడెన్సీది. శిస్తు వసూలు ముఠాదారులది. అడవి 1882 మద్రాసు అటవీ చట్టం కింద ఉంది. అడవిలోకి రావొద్దని తరిమిన సర్కారు దగ్గర, నేను అడవిలోనే ఉన్నానని కాగితం తెచ్చుకోవాలట. తరం అంటే మన ఇండ్లలో ఒక మనిషి. తాత, అయ్య, కొడుకు. ఆఫీసులో తరం అంటే ఒక అంకె. మనిషి లేకపోయినా అంకె నిండాలి.

చట్టం రాసినవాళ్ళలో బుద్ధిమంతులు లేకపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 2008 జనవరి 1 నుంచి అమలైన నియమాల్లో సాక్ష్యాల జాబితా ఉంది. ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాసి పెడితే సాక్ష్యమే. పొలం గట్టు, రాతి కట్టు, పాత ఇంటి పునాది సాక్ష్యమే. ఉమ్మడి హక్కుకైతే శ్మశానం, దేవత చెట్టు కూడా సాక్ష్యమే. ఏదో ఒక రకం కాగితమే తెమ్మని పట్టుబట్టొద్దని 2012 సవరణ చెప్పింది. అంటే గూడెం లెక్కపెట్టుకునే తీరునే చట్టం ఒప్పుకుంది. ఆఫీసు ఒప్పుకోదు. శాటిలైట్ ఫొటోలో కనబడలేదంటుంది. పోడు కొట్టినందుకు ఎనుకట ఫారెస్టోళ్ళు వేసిన జరిమానా రశీదు దొరికితే మాత్రం అది గట్టి సాక్ష్యం. దొంగ అని రాసిన కాగితమే హక్కుదారు అని రుజువు చేస్తుంది. రశీదు పారేసుకున్నవాడి గతం పోయినట్టే.

2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరణకు గురైనవాళ్ళను అడవి నుంచి ఖాళీ చేయించమన్నది. దేశమంతా లెక్కేస్తే అవి లక్షల దరఖాస్తులు. అదే నెల 28న ఆ ఉత్తర్వును తానే ఆపింది. మధ్యలో పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులు ఎంత పొడుగో గూడేలను అడగాలి.

దీని పక్కన ఇంకో చట్టం పెట్టి చూడండి. వన్ ఆఫ్ సెవెంటీ. 1959 భూబదలాయింపు నిబంధనలను సవరించి 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలు చేశారు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని అతను రుజువు చేసుకునేదాకా, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి అని అందులో ఉంది. గతాన్ని మోసే బరువును బలవంతుడి నెత్తిన పెట్టిన అరుదైన చట్టం అది. మరి ఆచరణలో? మైదానం నుంచి ఎక్కివచ్చి బినామీ పేరుతో లాడ్జి కట్టినవాడు మేము తాతల నాటి నుంచి ఉన్నామంటే అందరూ తలాడిస్తారు. కొండ దిగని మనిషిని మాత్రం 2005కు ముందున్నావా అని అడుగుతారు. ఒకడి ఇరవై ఏళ్ళు తాతల కాలమవుతుంది. ఇంకొకడి తాతల కాలం నిన్నటి ఆక్రమణ అవుతుంది.

ఏది దూరం, ఏది దగ్గర అన్నది ఏళ్ళు తేల్చవు. పంచాయితీ తెగిందా లేదా అన్నది తేలుస్తుంది. అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది 1922 ఆగస్టు 22న. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 1924 మే 7న ఆయన్ను కాల్చి చంపారు. నూరేళ్ళు దాటిన ముచ్చట. మైదానంలో అది సినిమా, విగ్రహం, జయంతి. 2022 జులై 4న భీమవరంలో ముప్పై అడుగుల కంచు విగ్రహం పెట్టారు. అదే యేడు ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా జిల్లాకు ఆయన పేరు పెట్టారు. మంచిదే. కానీ పితూరీ ఎందుకు లేచిందో గుర్తుందా? పోడు కొట్టొద్దన్నారు. అడవిలోకి రావొద్దన్నారు. నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పనికి జనాన్ని తోలి, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా గొడ్డు చాకిరీ చేయించాడు. ఇందులో మొదటి రెండు మాటలూ గూడెంలో ఈనాటికీ వినబడుతున్నాయి. అందుకే అక్కడ 1922 దగ్గర.

మనుషుల లెక్కలో చూసినా దగ్గరే. గాం మల్లుదొర రాజు దళంలో నాయకుడు. పట్టుబడి ఏళ్ళకేళ్ళు జైల్లో ఉన్నాడు. ఆయనే 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. తుపాకీ పట్టిన పితూరీకి, పార్లమెంటు కుర్చీకి మధ్య ఉన్నది ఒక్క మనిషి ఆయుష్షు. పాఠ్యపుస్తకంలో అవి రెండు వేర్వేరు అధ్యాయాలు, వేర్వేరు యుగాలు.

ఇంకా వెనక్కి పోదాం. మనం రోజూ పేపర్లో రాసే 'ఏజెన్సీ' అన్న మాట ఎక్కడిది? 1839లో కంపెనీ పాలకులు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా పెట్టి చట్టం చేశారు. ఏజెంటు ఏలేది గనుక ఏజెన్సీ. కంపెనీ పోయింది, మహారాణి పోయింది, మద్రాసు పోయింది. ఏజెంటు మాత్రం పోలేదు. ఏజెన్సీ భూముల తగాదాల్లో ఈనాటికీ కలెక్టరు హోదా ప్రభుత్వ ఏజెంటే. మరి 1839 ఎంత దూరంలో ఉన్నట్టు?

అరకుకు ఉత్తరాన సాలూరు కొండల మీద కొఠియా గ్రామాలున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి కోరాపుట్ అటుపోయినప్పుడు హద్దు సరిగా తేలని 21 ఊళ్ళు అవి. 1968లో సుప్రీంకోర్టుకు పోయింది తగాదా. 2006లో కోర్టు ఆ దావాను సాంకేతిక కారణం మీద కొట్టేసింది, హద్దు తేల్చలేదు. 2021లో పంచాయతీ ఎన్నికల మీద మళ్ళీ లొల్లి. అక్కడి జనం చేతిలో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు. వాళ్ళకు 1936 చరిత్ర కాదు. ఈ నెల బియ్యం ఏ దిక్కు నుంచి వస్తాయన్న ప్రశ్న.

ఈ సంగతి మీకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందాన్ని 2009లో హాస్టల్ గదుల్లో కూర్చుని మనం నిన్నటి మోసంలా తిట్టుకున్నాం. అప్పటికి మన అయ్యలు చాలామంది పుట్టనే లేదు. 2014 జూన్ 2 తర్వాత ఏమైంది? అదే ఒప్పందం మెల్లగా జారుకుంటూ పోయి గ్రూప్ పరీక్షల్లో నాలుగు ఆప్షన్ల బిట్టుగా మిగిలింది. ఏళ్ళు పెరిగి కాదు, తగాదా తెగి దూరమైంది. ఇది సంతోషించాల్సిందా, భయపడాల్సిందా అన్నది ఇంకో సభలో మాట్లాడుకుందాం. మన్యానికి ఆ తెగడం ఇంకా రాలేదు.

గతాన్ని ఎవరు మొదలుపెట్టారన్న దానికి ఒక చిన్న ముచ్చట చెప్తాం. బొర్రా గుహలను 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ కనుగొన్నాడని టూరిస్టు పుస్తకాలు రాస్తాయి. కొన్నిట్లో విలియం కింగ్ జార్జి. జియలాజికల్ సర్వే పెట్టిందే 1851లో. పుట్టని ఆఫీసుకు ఉద్యోగి ఎక్కడి నుంచి వచ్చాడో ఎవరూ అడగరు. డాక్టర్ కింగ్ అనే జియలాజికల్ సర్వే అధికారిని మనమూ ఎరుగుదుం. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని చెప్పింది ఆయనే, సింగరేణిలో కింగ్ సీమ్ అన్న పేరు ఆయనదే. ఆయనే ఈయనైతే 1807 నుంచి అంత కాలం సర్వీసులో ఎట్లా ఉన్నాడో అకౌంటెంట్ జనరల్ చెప్పాలి. ఆవు గుహలో పడితే వెతుక్కుంటూ పోయిన పశువుల కాపరి కథ కొండ మీద ఉంది. దాన్ని పుక్కిటి పురాణం అంటారు. లెక్క కుదరని 1807ను మాత్రం చరిత్ర అంటారు. దొరకు తేదీ ఉంది గనుక.

ఈ కొండల రాయి కథ కూడా అట్లాంటిదే. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి రాతికి ఖోండలైట్ అని పేరు పెట్టాడు. ఖోండుల పేరు మీద, అంటే మన కోదుల పేరు మీద. ఈ రాయి ఇప్పుడున్న రూపానికి వచ్చి సుమారు వంద కోట్ల ఏళ్ళయింది. ఇదే రాయి ఎండకు వానకు కోట్లాది పగళ్ళు కుళ్ళి, పైన బాక్సైట్ పొరగా మారింది. రాతికి వాళ్ళ పేరు పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ రాతి మీది భూమికి వాళ్ళ పేరున పట్టా రాయడానికే అభ్యంతరం.

వంద కోట్ల ఏళ్ళ కొండ మీద కంపెనీ కన్ను ఎంత దూరం చూస్తుంది? గనుల చట్టం కింద లీజు ఒకప్పుడు గరిష్ఠంగా ముప్పై ఏళ్ళు. 2015 సవరణతో యాభై. అంతవరకే దాని భవిష్యత్తు. 2005లో జిందాల్‌తో ఒప్పందం, 2007లో రస్ అల్ ఖైమాతో ఒప్పందం, 2015 నవంబర్‌లో 1,212 హెక్టార్ల అటవీ భూమిని ఖనిజాభివృద్ధి సంస్థకు ఇస్తూ 97వ నంబరు జీవో. గిరిజనులు తిరగబడితే జీవో ఆగింది, 2019లో లీజుల రద్దు ప్రకటన వచ్చింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చి, షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి గనుల లీజుకు ఇవ్వరాదని చెప్పింది. ఆ తీర్పు పుట్టింది ఈ అనంతగిరి మండలం నిమ్మలపాడు కొండల గొడవలోనే. తీర్పు వచ్చిన ఎనిమిదేళ్ళకే అది పాతబడ్డట్టు ఒప్పందాలు రాసుకున్నారు. రెవెన్యూ శాఖకు 1930 గుర్తుంటుంది, గనుల శాఖకు 1997 గుర్తుండదు.

ఇక రేపటి సంగతి. అమెరికాలో చికాగో యూనివర్సిటీకి చెందిన యూజీన్ కరూసో, ఆయన తోటివాళ్ళు 2013లో ఒక అధ్యయనం అచ్చువేశారు. నెల కిందటి రోజు, నెల తర్వాతి రోజు, రెండూ ఒకే దూరం. కానీ అడిగితే మనుషులకు నెల తర్వాతిదే దగ్గరగా తోచిందట. మనం దాని వైపు నడుస్తున్నాం గనుక ఎదురొచ్చే రైలులా దగ్గరగా కనబడుతుంది, వెళ్ళిపోయిన రైలులా గతం దూరమవుతుంది అని వాళ్ళ వివరణ. అధ్యయనం బాగుంది. అయితే వాళ్ళు అడిగింది ఎవరినో కూడా చూడాలి. వాళ్ళకు రేపు వస్తుందన్న నమ్మకం ఉంది.

ఇక్కడున్న ఉద్యోగ మిత్రులనే తీసుకుందాం. మీ రిటైర్మెంటు తేదీ మీకు తెలుసు. జనవరి, జులై డీఏలు తెలుసు. ఎల్ఐసీ ఎప్పుడు మెచ్యూర్ అవుతుందో తెలుసు. ముప్పై ఏళ్ళ రేపు మీ సర్వీసు బుక్కులో ఉంది. తప్పని అనడం లేదు, కొట్లాడి తెచ్చుకున్నదే. మరి నోటిఫికేషన్ కోసం చూసే తమ్ముడికి వచ్చే మార్చి ఎంత దూరం? రేపు కూడా ఆస్తి లాంటిదే. ఉన్నవాడికి ఉంటుంది.

ఆదివాసీకి రేపటి ధ్యాస లేదని, సంతలో వచ్చింది సంతలోనే ఖర్చుపెడతాడని కొండెక్కిన ప్రతి షావుకారూ చెప్తాడు. ఇంతకంటే అబద్ధం లేదు. విత్తనం కట్టి చూరుకు వేలాడదీసేది ఎవరు? ఎండాకాలంలో మామిడి టెంకలు ఏరి, ఎండబెట్టి, వానాకాలం తిండికి కరువొస్తే అంబలికి దాచుకునేది ఎవరు? కాఫీ మొక్క పెడితే గింజ రావడానికి మూడు నాలుగేళ్ళు. ముందుగా నీడకు సిల్వర్ ఓక్ పెంచాలి. దానికి మిరియం తీగ పాకించాలి. నాలుగేళ్ళు ఆగాలంటే నాలుగేళ్ళ తర్వాత కూడా ఈ వాలు మీద మేమే ఉంటామన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం పేరే పట్టా. అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాయి. ఆ కప్పు కాఫీలో ఉన్నది గిరిజనుడి ఓపిక అని మేమంటాం. నిన్న రుజువైతేనే రేపు దగ్గరికి వస్తుంది. నిన్నను సర్కారు 1930కో 2005కో అవతలికి నెడితే, అదే దెబ్బకు రేపు కూడా అవతలికి పోతుంది.

రేపటిని నెత్తిన వేలాడదీస్తే ఎట్లుంటుందో చూడాలంటే ఇవే కనుమల్లో దక్షిణానికి, గోదావరి ఒడ్డుకు రావాలి. 2022లో అల్లూరి జిల్లా ఏర్పడినప్పుడు అరకుతో పాటు చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాలను కూడా అందులో కలిపారు. 2014 దాకా అవి మన ఖమ్మం జిల్లావి. 1959కి ముందు తూర్పు గోదావరివి. అక్కడి కోయ మనిషి గుడిసె కదలలేదు, రాష్ట్రాలూ జిల్లాలూ ఆయన మీదుగా నడిచిపోయాయి. ఆ మండలాల మీద పోలవరం నీడ ఉంది. రామపదసాగర్ పేరుతో ఆ ఆనకట్ట ఆలోచన 1941 నాటిది. 1981లో అంజయ్య శంకుస్థాపన చేశారు. 2004లో రాజశేఖరరెడ్డి మళ్ళీ పని మొదలుపెట్టారు. ఎనభై ఏళ్ళకు పైగా ఒక ఊరు రేపు మునిగిపోతుందంటే ఆ ఊళ్ళో బడి గోడ ఎవరు కడతారు? ఎట్లాగూ మునిగేదే గదా అనే ఒక్క మాట చాలు. తాత పుట్టినప్పుడు రేపు అన్నారు, మనవడికి పెండ్లయినప్పుడు కూడా రేపే అంటున్నారు.

అరకు, పాడేరు కొండల్లో దానికి 'త్వరలో' అని పేరు. రోడ్డు త్వరలో. నెట్‌వర్క్ టవరు త్వరలో. నొప్పులొచ్చిన ఆడబిడ్డను గుడ్డ ఉయ్యాలలో వేసి, కర్రకు కట్టి, ఇద్దరు ముందు ఇద్దరు వెనుక మోసుకుంటూ అంబులెన్స్ ఆగే చోటికి దిగుతారు. దాన్ని డోలీ అంటారు. ఆస్పత్రి ఎన్ని కిలోమీటర్లని ఆమెను అడగొద్దు. ఎన్నిసార్లు భుజం మార్చుకున్నారో మోసినవాళ్ళను అడగాలి. సర్కారు 'త్వరలో'కు చట్టంలో నిర్వచనం లేదు. తరానికేమో ఉంది, 25 ఏళ్ళు.

అయితే చెయ్యాల్సింది ఏమిటి? విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్పి ముగిస్తాం. అటవీ హక్కుల చట్టంలో దరఖాస్తుకు ఆఖరు తేదీ లేదు. తిరస్కరించిన వాటి మీద అప్పీలు ఉంది. మన దగ్గర కూడా 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది, అక్కడా గీత 2005 డిసెంబర్ 13నే. కానీ సాక్షులు ఆగరు. 1930లో పదేళ్ళ పిల్లవాడు ఇప్పుడు ఉంటే నూరు దాటి ఉండాలి. ఎస్టీ కాని అడవి జనం కోసం ఆ కాలాన్ని కళ్ళారా చూసి చెప్పేవాడు దాదాపు లేనట్టే, చూసినవాడి నోట విన్నవాళ్ళే మిగిలారు. 2005 డిసెంబర్ 13న పుట్టిన పిల్లకు ఇరవై నిండాయి. ఆనాడు నాగలి పట్టినవాళ్ళు ఇప్పుడు పెద్దలు. వాళ్ళ వాంగ్మూలం చట్టం ఒప్పుకునే సాక్ష్యం. వాళ్ళు ఉండగానే రాయాలి.

అద్దాల బోగీలో అరకు పోయేవాళ్ళు ఒక రోజు ఎక్కువ ఉండండి. అటవీ హక్కుల కమిటీ ఉన్న గూడేనికి పోండి. కువి తెలిసిన, ఆదివాసీ ఒడియా తెలిసిన పిల్లలు ఆ ఊళ్ళల్లోనే డిగ్రీ చదువుతున్నారు, వాళ్ళను వెంటబెట్టుకోండి. పెద్దాయనను ఏ సంవత్సరం అని అడగొద్దు. రైలుకు ముందా తర్వాతా అని అడగండి. ఈ చింతచెట్టు అప్పుడు ఎంతుండె అని అడగండి. ఈ వాలు మీద పోడు ఎవరి అయ్య కొట్టాడు, ఎన్నిసార్లు విడిచారు, గట్టు రాళ్ళు ఎవరు పేర్చారు, ఆయన్ను ఎక్కడ పూడ్చారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాయండి, సంవత్సరం ఎంతయి ఉంటుందో పక్కన మీరు రాసుకోవచ్చు. వేలిముద్ర వేయించే ముందు రాసినదంతా ఆయన భాషలో చదివి వినిపించండి. ఒక కాపీ గ్రామసభ రిజిస్టర్‌లో పెట్టించండి, ఒకటి ఆయన ఇంట్లో ఇవ్వండి.